పాటకూ పాటకూ మధ్య ఖాళీలో మొదలైన కెరీర్: జానీ లీవర్‌ని చూస్తే స్టాండప్‌కీ సినిమాకీ ఉన్న తేడా ఎలా తెలుస్తుంది

స్టాండప్ కమెడియన్ ఎవరైనా సినిమాలో కనిపించగానే మన దగ్గర రెండు మాటలు వినపడతాయి. "స్టేజీ మీద ఇరగదీస్తాడు, సినిమాలో మాత్రం తేలిపోయాడు" అనేది ఒకటి. "మిమిక్రీ చేసుకునేవాళ్లకి నటన ఎక్కణ్నుంచి వస్తుంది" అనేది ఇంకోటి. జబర్దస్త్ నుంచి వచ్చినవాళ్ల మీదా ఇవే మాటలు, యూట్యూబ్ నుంచి వచ్చినవాళ్ల మీదా ఇవే. ఇందులో నిజం ఎంత, అపార్థం ఎంత అనేది ఊరికే వాదించుకుంటే తేలదు. ఒక మనిషి కెరీర్‌ని మొదటి నుంచి పట్టుకుని నడిస్తే కాస్త తేలుతుంది.

అందుకని హిందీ హాస్యనటుడు జానీ లీవర్‌ని తీసుకుంటున్నాను. మొహం తెలియని వాళ్లు ఉండరు, మూడు వందలకు పైగా సినిమాలు, కానీ ఆయన తెలుగువాడన్న సంగతి ఇప్పటికీ చాలామందికి కొత్తే. అసలు పేరు జాన్ ప్రకాశరావు జనుమల. 1957 ఆగస్టు 14న కనిగిరిలో పుట్టారు. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు, అది 1970లో వచ్చింది, కాబట్టి ఆయన పుట్టినప్పుడు కనిగిరి నెల్లూరు జిల్లాలోని ఊరు.

మిమిక్రీ, స్టాండప్, కామెడీ ట్రాక్: మూడూ ఒకటి కాదు

గొడవ సగం ఈ మాటలు కలిసిపోవడం వల్లే వస్తుంది.

మిమిక్రీ అంటే ఇంకొకరి గొంతునీ, నడకనీ, చేతులు తిప్పే తీరునీ తెచ్చి చూపించడం. అక్కడ కళాకారుడు తాను కనబడకుండా పోతే అంత గొప్ప. మనకి ఈ విద్యలో పెద్దాయన నేరెళ్ల వేణుమాధవ్ ఉండేవారు, వరంగల్ మనిషి, 2001లో పద్మశ్రీ వచ్చింది.

స్టాండప్ దీనికి దాదాపు ఎదురు దిక్కు. మైకు పట్టుకుని ఒక్క మనిషి నిలబడి తన ఇల్లు, తన వీధి, తన ఉద్యోగం, తాను చూసిన మనుషులు, వీటి గురించి తానే రాసుకున్న మాటలు చెబుతాడు. నవ్వు పుట్టేది ఆ మనిషి చూపులోంచి.

కామెడీ ట్రాక్ అనేది సినిమా మాట. కథ ఒక దారిలో పోతూ ఉంటుంది, పక్కన హాస్యనటుల కోసం వేరే దారి ఒకటి వేస్తారు, అప్పుడప్పుడు అది వచ్చి కథకి తగులుతుంది. దీన్ని పట్టుకోవడానికి తేలికైన పరీక్ష ఉంది: ఆ సీన్లన్నీ తీసేస్తే కథ అర్థమవుతుందా? అయితే అది ట్రాక్. మన 'శుభలగ్నం' హిందీలో 'జుదాయి'గా 1997లో వచ్చింది. భర్తని డబ్బుకి అమ్ముకున్న భార్య కథ అది. అందులో జానీ లీవర్, ఉపాసనా సింగ్, పరేష్ రావల్ కలిసి చేసిన పెళ్లి గోల అంతా కత్తిరించినా భార్యాభర్తల కథకి చిన్న గీత కూడా పడదు. అయినా ఆ సినిమా పేరెత్తితే చాలామందికి ముందు గుర్తొచ్చేది ఆ గోలే.

ఇండియాలో మొదటి స్టాండప్ కమెడియన్ జానీ లీవరే అని చాలాచోట్ల రాస్తుంటారు. నాకు ఈ 'మొదటి' అన్న మాట మీద పేచీ ఉంది. ఆయనకన్నా ఎంతో ముందే వేణుమాధవ్ గారి లాంటివాళ్లు ఒంటరిగా స్టేజీ ఎక్కి గంటలకొద్దీ జనాన్ని కూర్చోబెట్టారు. కాదు, అది మిమిక్రీ కదా అంటారా, జానీ లీవర్ మొదలుపెట్టిందీ మిమిక్రీతోనే. అలా అని ఆ బిరుదు ఉత్తదే అని కొట్టెయ్యడానికీ లేదు, ఎందుకంటే ఆయన నటుల గొంతులతో ఆగిపోలేదు. ముంబైలో పక్కపక్క గదుల్లో ఉండే రకరకాల మనుషుల్ని, వాళ్ల యాసల్ని, వాళ్లు కోపం వచ్చినప్పుడు నిలబడే తీరుని స్టేజీ మీదకి తెచ్చారు. పేరున్నవాడి గొంతు చేస్తే మిమిక్రీ, పేరులేని మనిషిని చేస్తే అది ఇంకేదో. ఆ 'ఇంకేదో' దగ్గరే స్టాండప్ మొదలవుతుందని నా లెక్క.

ఫుట్‌పాత్ మీద పెన్నులు, ఫ్యాక్టరీలో పీపాలు

కుటుంబం ముంబై వెళ్లింది. ధారావి, మాటుంగా, కింగ్స్ సర్కిల్, ఆ చుట్టుపక్కలే పెరిగారు. చదువు ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ స్కూల్లో, ఏడో తరగతి దాకా. ఇంట్లో డబ్బుల్లేక అక్కడితో ఆగిపోయింది. తర్వాత రోడ్డు మీద పెన్నులు అమ్మారు.

ఈ పెన్నుల దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. పెన్ను ఎవరి దగ్గర కొన్నా పెన్నే, రాసేదీ అంతే. పదిమంది అమ్మేవాళ్లున్న చోట జనం ఒక కుర్రాడి ముందే ఎందుకు ఆగాలి? ఈ కుర్రాడు హిందీ హీరోల గొంతులతో అరిచి, వాళ్లలా చిందులేసి అమ్మాడు. నడుచుకుంటూ పోయే మనిషిని ఆపడానికి ఎంత టైముంటుంది, రెండు మూడు అడుగులు వేసేంత. ఆ లోపు మొహం మారాలి, గొంతు మారాలి, చూసినవాడికి ఎవరిని చేస్తున్నాడో తెలిసిపోవాలి. జానీ లీవర్ మొహం సినిమాల్లో ఎందుకంత వేగంగా కదులుతుంది అని అడిగేవాళ్లకి సగం జవాబు ఆ ఫుట్‌పాత్ మీదే దొరుకుతుంది.

మిగతా సగం ఫ్యాక్టరీలో. తండ్రి సబ్బులు తయారుచేసే హిందుస్థాన్ లీవర్ కంపెనీలో ఆపరేటర్. కొడుకూ అక్కడే కూలి పనికి చేరి ఆరేళ్లు చేశారు, వంద కిలోల పీపాలు జరిపే పని. ఒకసారి కంపెనీ ఫంక్షన్‌లో పై ఆఫీసర్లని వాళ్ల ముందే అచ్చు దించేశారు. తోటి కార్మికులు ఆ రోజు నుంచి జానీ లీవర్ అనడం మొదలుపెట్టారు. అంటే ఆ పేరు ఏ నిర్మాతో పెట్టింది కాదు, పక్కన పీపాలు దొర్లించినవాళ్లు ఇచ్చింది. షోలు పెరిగి పనికి వెళ్లడం కుదరక 1981లో ఆ ఉద్యోగం మానేశారు.

'ఫిల్లర్' అనే ఉద్యోగం

చిన్నప్పుడు వినాయక చవితి పందిట్లో ఆర్కెస్ట్రా చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. పాట అయిపోతుంది, గాయని కిందకి దిగుతుంది, తబలా ఆయన శ్రుతి సరిచూసుకుంటుంటాడు, కీబోర్డు దగ్గర ఏదో వైరు ఊడిపోతుంది. ఆ ఐదు నిమిషాలు జనం లేచి వెళ్లిపోకుండా చూడాలి. అప్పుడు ఒక మనిషిని మైకు ముందుకి తోస్తారు. మా ఊళ్లో ఆయన్ని "మిమిక్రీ మాస్టారు" అనేవాళ్లు. ఆర్కెస్ట్రా వాళ్ల భాషలో ఈ పనికి పేరు ఫిల్లర్. పోస్టర్ మీద ఫొటో ఉండదు. పాటలు బాగుంటే ఎవరికీ గుర్తుండడు, ఐదు నిమిషాలు జనం అరిస్తే మాత్రం తప్పంతా అతనిదే.

జానీ లీవర్ ఎదిగింది ఇలాంటి చోట. ఆర్కెస్ట్రా షోల్లో పేరొచ్చాక సంగీత దర్శకులు కళ్యాణ్‌జీ-ఆనంద్‌జీ బృందంలో చేరారు. 1982లో అమితాబ్ బచ్చన్‌తో కలిసి విదేశీ టూర్ చేశారు. 'హసీ కే హంగామే' అనే కామెడీ క్యాసెట్ కూడా వచ్చింది. క్యాసెట్‌లో మొహం కనబడదు, గొంతు ఒక్కటే ఇల్లిల్లూ తిరుగుతుంది.

సినిమాలోకి పిలిచింది సునీల్ దత్, 'దర్ద్ కా రిష్తా'లో, 1982. తర్వాత 1986లో 'హోప్ 86' అని సహాయార్థం ఒక పెద్ద షో పెట్టారు. అక్కడా ఆయన ఫిల్లరే! జనం పట్టేసుకున్నారు. అది చూసి నిర్మాత గుల్ ఆనంద్ 'జల్వా'లో నసీరుద్దీన్ షా పక్కన వేషం ఇచ్చారు. ఆ సినిమా 1987లో వచ్చింది.

ఒకే జోకు, స్టేజీ మీదా సెట్‌లోనూ

ఇక్కడ ఒక ఊహాజనిత ఉదాహరణ వేసుకుందాం.

పెళ్లి భోజనాలు. వడ్డించే అబ్బాయి ఒక్కొక్కరికి ఒక్క బూరె వేస్తూ పోతున్నాడు. రెండోది కావాలని ముగ్గురు అడుగుతారు: చెవి వినపడని తాతగారు, సర్పంచ్, మగపెళ్లివారి తరఫు అలిగిన మామయ్య.

స్టేజీ మీద నలుగురినీ ఒక్కడే చేస్తాడు. తాతగారి వణుకు నుంచి సర్పంచ్ ఛాతీ దాకా అరక్షణంలో మారిపోతాడు. జనం నవ్వేది బూరెకి కాదు, ఆ మారడానికి. పైగా ఎదురుగా జనం ఉన్నారు. తాతగారికి ఎక్కువ నవ్వారనుకోండి, తాతగారితో ఇంకో బూరె అడిగిస్తాడు. సర్పంచ్‌కి నవ్వలేదా, మామయ్య మీదకి దూకేస్తాడు. నవ్వు పైకి లేచి, దిగడం మొదలయ్యే లోపు తర్వాతి మాట వేస్తాడు. మనం టైమింగ్ అనే మాట ఊరికే వాడేస్తాం గానీ, స్టేజీ మీద టైమింగ్ అంటే ఇదే, జనం ఊపిరి పట్టుకుని నడవడం.

ఇప్పుడు ఇదే జోకు సినిమాలో. తాతగారికి వేరే నటుడు, సర్పంచ్‌కి వేరే నటుడు, మామయ్యకి వేరే నటుడు. మనవాడు వడ్డించే అబ్బాయి ఒక్కడే. నలుగురిగా మారే విద్య మొత్తం పక్కకి పోయింది, చేతిలో మిగిలింది ఒక గిన్నె, ఒక చూపు. జనం లేరు, లైటు బాయ్‌లు ఉన్నారు, వాళ్లు ఈ జోకు పొద్దున్నించి ఆరుసార్లు విన్నారు. ముందు దూరం నుంచి ఒక షాట్, తర్వాత దగ్గర నుంచి అదే మాట మళ్లీ, తర్వాత తాతగారి మీద కెమెరా ఉండగా పక్కన నిలబడి మళ్లీ. నెలలు గడిచాక చీకటి గదిలో తెర చూస్తూ అదే మాట పెదాలకి సరిపోయేలా డబ్బింగ్ చెప్పాలి, అప్పట్లో హిందీ సినిమాలన్నీ దాదాపు అలాగే తయారయ్యేవి. ఆ మొహం ఒక క్షణం ఉండాలా రెండు క్షణాలా అనేది ఎడిటర్ తేలుస్తాడు. నిండిన హాల్లో నవ్వు తర్వాతి డైలాగుని మింగేస్తుంది. ఖాళీ హాల్లో నవ్వు కోసం వదిలిన జాగా సాగదీసినట్టు అనిపిస్తుంది. రెండింటికీ సరిపోయే కొలత అంటూ ఒకటి లేదు.

అందుకే స్టేజీ మీద బాగా చేసినవాడు సినిమాలో తేలిపోతే అది అతని తప్పే అని చెప్పెయ్యలేం. చేతిలో ఉన్న పనిముట్లలో సగం లాగేసుకున్నాక మిగిలిన వాటితో చెయ్యాల్సిన పని అది.

'బాజీగర్'లో బాబూలాల్: ఖాళీని తానే నింపుకున్న పాత్ర

1993. దర్శకులు అబ్బాస్-మస్తాన్ తీసిన 'బాజీగర్'. హీరో హత్యలు చేసే కథ. అంత బరువైన కథలో జనానికి ఊపిరి తిప్పుకోవడానికి ఒక చోటు కావాలి. ఆ చోటే బాబూలాల్, మతిమరుపు పనివాడు. ఆయన చాలా ఇంటర్వ్యూల్లో చెప్పుకున్న మాట ఏమిటంటే, ఆ పాత్రకి రాసిపెట్టినది తక్కువ, సెట్‌కి వెళ్లాక అప్పటికప్పుడు అల్లుకున్నదే ఎక్కువ అని.

చూడండి, మళ్లీ ఫిల్లర్ పనే. ఆర్కెస్ట్రాలో పాటల మధ్య, ఇక్కడ హత్యల మధ్య. కానీ రాసిన డైలాగు లేకపోవడం అనేది నాటకాల్లోంచి వచ్చిన నటుడికి కష్టం, ఈయనకి అలవాటైన చోటు. రాసి ఇవ్వకపోవడం వల్లే స్టేజీ స్వేచ్ఛలో కొంత తిరిగి చేతికొచ్చింది. బాబూలాల్ ఒకే పాత్ర అయినా, క్షణం కింద విన్నది మర్చిపోయి కొత్త మనిషిలా మొదలుపెడుతుంటాడు కాబట్టి, స్టేజీ మీద మారినట్టు మారడానికి ఆ మతిమరుపులోనే వీలు దొరికింది. ఆయన ఆ పాత్రని అలా పట్టుకోవడం నాకు ఎన్నిసార్లు చూసినా ఆశ్చర్యమే.

ఆ తర్వాత పదేళ్లు ఆయన లేని పెద్ద హిందీ సినిమా వెతుక్కోవాల్సి వచ్చింది. 'కరణ్ అర్జున్'లో అయితే పాత్ర పేరు ఏకంగా లింగయ్య. 'రాజా హిందుస్తానీ', 'యెస్ బాస్', 'కుఛ్ కుఛ్ హోతా హై', 'బాద్‌షా', ఇలా వరసగా.

ఓవరాక్షన్ అనే ఫిర్యాదు ఎంతవరకు నిజం

ఈ ఫిర్యాదుని పక్కకి తోసెయ్యకూడదు. అరుపులు ఎక్కువ, మొహం అష్టవంకర్లు తిప్పుతాడు, ఒకే రకం పాత్ర పదిసార్లు చేశాడు, ఇలా అనేవాళ్లకి చూపించడానికి సీన్లు బోలెడు ఉన్నాయి. నత్తి మీద, ఒంటి రంగు మీద, ఆడవేషం మీద వేసిన ఆనాటి జోకులు కొన్ని ఇప్పుడు చూస్తుంటే నాకూ ఇబ్బందిగానే ఉంటుంది. వాటిని కాలం పేరు చెప్పి కడిగెయ్యలేం.

ఆయన పక్షాన మాట్లాడేవాళ్లది ఇంకో వాదన. పదివేల మంది ఉన్న మైదానంలో ఆఖరి వరసకి మొహం కనబడాలంటే అన్నీ పెద్దగా చెయ్యాలి. ఆ కొలత ఒంట్లో కుదిరిపోయింది. పైగా దర్శకులకి కావాల్సిందీ అదే, రెండు రోజుల డేట్లు, నాలుగు సీన్లు, వచ్చి కాస్త నవ్వించి వెళ్లిపోవడం. పాత్రకి ఇల్లు లేదు, అమ్మానాన్న లేరు, కోరిక లేదు. అలాంటి పాత్రలో మెల్లగా నటించడానికి చోటెక్కడ?

రెండు వాదనలూ పక్కపక్కన పెట్టుకుని ఆయన ఫిల్మ్‌ఫేర్ అవార్డులు చూడండి. ఉత్తమ హాస్యనటుడిగా రెండుసార్లు వచ్చింది, 'దీవానా మస్తానా'కి, 'దుల్హే రాజా'కి. నామినేషన్లు మొత్తం పదమూడు. గెలిచిన రెండు సినిమాల్లోనూ గోవిందా ఉన్నాడు, రెండూ మొదటి నుంచి చివరిదాకా కామెడీలే. ట్రాక్ పరీక్ష పెట్టి చూస్తే, వాటిలో జానీ లీవర్ పాత్రని తీసేస్తే కథ కుంటుతుంది. ఆయన పాత్ర ఒకరికి స్నేహితుడో, ఒకరి దగ్గర పనివాడో అయి కథ లోపలే తిరుగుతుంటుంది. ఇంకో ఉదాహరణ 2001లో ఇ. నివాస్ తీసిన 'లవ్ కే లియే కుఛ్ భీ కరేగా'. అందులో అస్లాం భాయ్ అనే గ్యాంగ్‌స్టర్, సినిమా నటుడు అవ్వాలన్నది అతని పిచ్చి. ఆ పాత్రకి ఒక కోరిక ఉంది, ఆ కోరిక దగ్గర అతను నిజంగా అమాయకుడు. మొహం అదే, గొంతు అదే, కానీ చూస్తుంటే ఎక్కడా ఎక్కువైనట్టు ఉండదు. కాబట్టి ఓవరాక్షన్ అనే మాటలో నటుడి వాటా ఎంతో, రాసినవాళ్ల వాటా కూడా అంత ఉందని నేను అనుకుంటాను. రాసినవాళ్ల వాటాయే కొంచెం ఎక్కువ కూడా.

2000 తర్వాత ఆ ఖాళీ ఎందుకు తగ్గిపోయింది

హీరోలే కామెడీ చెయ్యడం మొదలుపెట్టారు. గోవిందా ముందే చేస్తున్నాడు గానీ, 2000లో 'హేరా ఫేరీ' వచ్చాక యాక్షన్ హీరోలుగా పేరున్న అక్షయ్ కుమార్, సునీల్ శెట్టి లాంటివాళ్లు కూడా నవ్వించగలరని తేలింది. హీరోనే నవ్విస్తుంటే పక్కన వేరే హాస్యనటుడికి నాలుగు సీన్లు రాయడం ఎందుకు?

దీని మీద జానీ లీవర్ ఇంటర్వ్యూల్లో కాస్త బాధగానే మాట్లాడారు. తన సీన్లకి జనం ఎక్కువ నవ్వుతుంటే కొందరు హీరోలకి నచ్చేది కాదనీ, సీన్లు కత్తిరించేవాళ్లనీ, తర్వాత కామెడీ తమకే రాయమని అడగడం మొదలైందనీ ఆయన చెబుతారు. ఇది ఆయన వైపు నుంచి కనబడిన సంగతి. ఎదురు వాదనా ఉంది: మల్టీప్లెక్సులు వచ్చాయి, మూడు గంటల సినిమా రెండు గంటలకి దిగింది, కథకి సంబంధం లేని సీన్లకి జనం ఓపిక తగ్గింది, దీంట్లో ఎవరి కుట్రా లేదు అని. నాకైతే రెండూ ఒకేసారి జరిగాయనిపిస్తుంది. ఫిల్మ్‌ఫేర్ వాళ్లు 1967 నుంచి ఇస్తున్న హాస్యనటుడి అవార్డుని 2007 తర్వాత ఇవ్వడం ఆపేశారు. అంటే పరిశ్రమ దాన్ని వేరే ఉద్యోగంగా చూడటమే మానేసింది.

ఆయన మాత్రం ఖాళీగా కూర్చోలేదు. 'గోల్‌మాల్' సినిమాలు, 'దిల్‌వాలే', 'హౌస్‌ఫుల్ 4', 'సర్కస్', ఇలా పదిమంది కలిసి చేసే కామెడీల్లో కనబడుతూ వచ్చారు. మధ్యలో దేశవిదేశాల్లో స్టేజీ షోలు ఎప్పుడూ వదల్లేదు. సినిమాల్లో స్టార్ అయ్యాక కూడా స్టేజీ వదలకపోవడాన్ని కొందరు డబ్బు లెక్కతో చూస్తారు, అదీ ఉండొచ్చు. కానీ ఎడిటర్ అడ్డం లేని చోటు ఆయనకి అదొక్కటే.

తర్వాత వచ్చినవాళ్ల దారి వేరు

2005లో 'ది గ్రేట్ ఇండియన్ లాఫ్టర్ ఛాలెంజ్' టీవీలో మొదలయ్యాక ఫిల్లర్‌కి సొంత షో వచ్చింది. అందులో 2007లో గెలిచిన కపిల్ శర్మ ముందు టీవీలో ఇంటింటి మనిషై, ఆ తర్వాత 2015లో నేరుగా హీరోగా సినిమా చేశాడు. ట్రాక్ అనే మెట్టు ఎక్కనే లేదు. తర్వాత నందితా దాస్ తీసిన 'జ్విగాటో'లో ఫుడ్ డెలివరీ చేసే మనిషిగా నవ్వించకుండా నటించాడు. స్టాండప్ కమెడియన్ వీర్ దాస్‌ది ఇంకో దారి. 'ఢిల్లీ బెల్లీ', 'గో గోవా గాన్' చేసినా, తన అసలు పని స్టేజీ మీదే చేసి కెమెరాని అక్కడికి రప్పించుకున్నాడు. 2023లో ఇంటర్నేషనల్ ఎమ్మీ వచ్చింది సినిమాకి కాదు, స్టాండప్ షోకి. మన వైపు జబర్దస్త్ 2013లో మొదలైంది. అందులో స్కిట్లు చేసిన వేణు యెల్దండి 2023లో 'బలగం' తీసి, నటుడి కుర్చీ వదిలి దర్శకుడి కుర్చీలో కూర్చున్నాడు. ఏ షాట్ ఎంతసేపు ఉండాలో ఇక అతనే చెప్పొచ్చు.

జానీ లీవర్ కూతురు జేమీ కూడా ఇదే పని ఎంచుకుంది. లండన్‌లో మార్కెటింగ్ చదివి వచ్చి స్టాండప్ చేసింది, కపిల్ శర్మ హీరోగా చేసిన ఆ 2015 సినిమాతోనే తెర మీదకి వచ్చింది. ఆడవాళ్ల గొంతులు మిమిక్రీ చెయ్యడంలో తనకో పేరుంది. 2024లో అల్లరి నరేష్ 'ఆ ఒక్కటీ అడక్కు'లో ఆమె తెలుగు తెర మీద కనిపించింది, వాళ్ల నాన్న కనిగిరిలో పుట్టిన దాదాపు అరవై ఏడేళ్లకి.